పళ్ల మేస్త్రి ప్రాసెసర్ పీకాడు

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు పళ్ల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటర్లోని పాత ప్రాసెసర్ తీయడం, షాపుకు తీసుకెళ్లి ఇచ్చేయడం, పైన కొంత వేసి అంతకన్నా చురుకైనది తెచ్చుకోవడం, మధ్యాహ్నం భోజనంలోపు బిగించేయడం. మర్నాడు ఆదివారం పది గంటలకు వియ్యంకుడితో కారు పందెం ఉంది. ఈసారి గెలవడం తప్ప వేరే దారి లేదని మేస్త్రి నిశ్చయించుకున్నాడు.

ఆయన వృత్తి కట్టుడు పళ్లు చేయడం. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం మంది ఆయన చేసిన పళ్లతోనే నవ్వుతున్నారు. మిగతా సగం మంది తమ వంతు రాకూడదని కోరుకుంటున్నారు. ఇంటి ముందుగదే ఆయన ల్యాబు. గది మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద మైనం, అచ్చులు, పాలిష్ పట్టే మోటారు. అదే గదిలో మూలకు ఇంకో బల్ల, దాని మీద ఆటల కంప్యూటరు. అది కూతురిది. పెళ్లికి ముందు ఒక్కో భాగం ఏరి కొనుక్కుని తనే బిగించుకుంది. అత్తారింటికి వెళ్తూ, "నాన్నా, దీన్ని ఏడిపించకు" అని మరీ మరీ చెప్పి వదిలి వెళ్లింది. మేస్త్రి దాన్ని ఏడిపించలేదు. పళ్లు అరగదీసి అరగదీసి విసుగొచ్చినప్పుడల్లా దాని ముందు కూర్చుని కారు పందేలు ఆడడం నేర్చుకున్నాడు.

అల్లుడి తండ్రి రిటైరైన సర్వేయరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒకరి గట్టు ఇంకొకరు జరపకుండా భూములు కొలిచిన మనిషి. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ దొరక్క, బావగారు ఆడుతున్నారని విని తానూ ఒక కొత్త కంప్యూటరు కొనుక్కున్నాడు. మొదట్లో గెలుపులు ఇద్దరికీ చెరిసగం. గత అయిదు ఆదివారాలుగా మాత్రం గెలుపంతా అటే. సగం దారి దాకా ముందుండేది మేస్త్రే. సగం ఆట అయ్యాక, వంతెన దాటిన మలుపులో ఇరవై కార్లూ గుమిగూడిన చోట, తెర మీద బొమ్మ ఠక్కున ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి మేస్త్రి కారు గోడకు ఆనుకుని పొగలు కక్కుతూ ఉండేది.

ఓడిపోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత వచ్చే ఫోను ఒక ఎత్తు. "బావగారూ, మీ చేతిలో లోపమేం లేదండీ. పాపం, మీ యంత్రమే ముసలిదైపోయింది," అనేవాడు వియ్యంకుడు. అవతల కూతురు, అల్లుడు పక్కనే కూర్చుని వింటుండేవారు. ఎగతాళి చేస్తే ఎదురు ఒక మాట అనొచ్చు. మర్యాద చేస్తే ఏమనగలం? వియ్యంకుడి మర్యాద అయిదు వారాలుగా మేస్త్రికి పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

భార్య లైబ్రరీలో ఉద్యోగి. పుస్తకం తీసుకెళ్లిన వాళ్లు తిరిగి ఇవ్వకుండా చెప్పే సాకులన్నీ విని విని ఆమెకు ఒక ఓపిక అబ్బింది. కాఫీ తాగుతూ అడిగింది, "జబ్బు ప్రాసెసర్‌దేనని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది, కనిపిస్తుంటేనూ. ముప్పై ఏళ్లుగా నోళ్లు చూస్తున్నా. ఏది పుచ్చిందో చూడగానే చెప్పేస్తా."

"అది నోరు కాదు కదండీ."

"అన్నీ నోళ్లే," అన్నాడు మేస్త్రి.

భార్యకు ఒక సామెత నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున్నే ఎందుకులే అని కాఫీతోపాటు మింగేసింది. పాలిష్ మోటారు బాగుచేత కోసం డబ్బు దాచిన కవరు ఒకటి ఉందని, ఖర్చు ఆ కవరు దాటకూడదని మాత్రం చెప్పింది.

దాటదని మేస్త్రికి ముందే తెలుసు. నిన్ననే కంప్యూటర్ల షాపాయనతో ఫోన్లో మాట్లాడాడు. షాపాయన నిజాయితీపరుడు. కొత్త రకం ప్రాసెసర్ కొంటే బోర్డు మార్చాలని, బోర్డు మారిస్తే మెమరీ మార్చాలని, ఇవన్నీ మార్చాక పాతవాటిలో మిగిలేది బయటి డబ్బా ఒక్కటేనని వివరంగా చెప్పాడు. ఇప్పుడున్న బోర్డే ఒప్పుకునే కాస్త పెద్ద ప్రాసెసర్, ఎవరో వాడి ఇచ్చింది, తన దగ్గర ఒకటుందని, పాతది తీసుకొస్తే చూసి ధర కడతానని అన్నాడు. ఇంతకన్నా మంచి బేరం ఉండదని మేస్త్రి అప్పుడే తేల్చేసుకున్నాడు.

తొమ్మిదింటికి డబ్బా మూత తెరిచాడు. ప్రాసెసర్ పైన దాన్ని చల్లబరిచే ఫ్యాను, ఫ్యాను కింద లోహపు రేకుల దిమ్మ ఉన్నాయి. మరలన్నీ విప్పాడు కానీ దిమ్మ కదల్లేదు. దానికీ ప్రాసెసర్‌కీ మధ్య కూతురు ఆరేళ్ల కిందట పూసిన పేస్టు ఎండి బండరాయైపోయింది. ఇంకెవరైనా అయితే కాసేపు వేడి చేసి, మెల్లగా పక్కకు తిప్పి తీసేవారు. మేస్త్రి కుర్రతనంలో ఒక దంతవైద్యుడి దగ్గర అయిదేళ్లు పనిచేసి, పళ్లు పీకడం కళ్లారా చూసినవాడు. ఎడమచేత్తో డబ్బాను అదిమిపట్టి, కుడిచేత్తో దిమ్మను అటూ ఇటూ రెండుసార్లు కదిపి, ఒక్క లాగు లాగాడు. దవడ ముక్కతో సహా దంతం ఊడినట్టు, దిమ్మకు అంటుకుపోయి ప్రాసెసర్ కూడా గూట్లోంచి ఊడి వచ్చేసింది.

దాన్ని విడదీసి కింది వైపు చూశాడు. ప్రాసెసర్ అడుగున వెంట్రుకంత సన్నని బంగారు రంగు సూదులు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఒక మూల ఆరు సూదులు గాలికి వరి కంకులు వాలినట్టు వాలిపోయాయి. మేస్త్రి గుండె ఝల్లుమనలేదు. పైగా ఉత్సాహం వచ్చింది. వంకర పళ్లు సరిచేయడం కన్నా ఇదేం పెద్ద పని? కళ్లకు భూతద్దం తగిలించుకుని, మైనం చెక్కే సన్నని పనిముట్టు తీసుకుని, ఊపిరి బిగబట్టి, ముప్పావుగంటలో ఆరింటినీ నిలబెట్టేశాడు. ఏవి వంగాయో ఇప్పుడు ఆయనే చెప్పలేడు. తృప్తిగా దాన్ని పళ్ల సెట్లు పంపే ప్లాస్టిక్ డబ్బాలో స్పాంజి మీద పెట్టి మూత వేశాడు. దానికన్నా భద్రమైన చోటు ఆ గదిలో లేదు.

సరిగ్గా అలాంటిదే ఇంకో డబ్బా బల్ల మీద అప్పటికే ఉంది. అందులో ఉన్నవి హెడ్‌మిస్ట్రెస్‌గారి పళ్లు. ఆవిడని ఊళ్లో ఎవరూ, మనసులో కూడా, ఏకవచనంలో అనుకోరు. ఆవిడ పాత సెట్టు నెల కిందట విరిగింది. ముప్పై రెండేళ్ల ఉద్యోగం తర్వాత ఆ సాయంత్రం నాలుగింటికి స్కూల్లో వీడ్కోలు సభ, ఆవిడ ప్రసంగం. పదకొండింటికల్లా ఈ కొత్త సెట్టు పళ్ల డాక్టరమ్మ క్లినిక్‌కు చేరాలి. లైబ్రరీకి వెళ్లే దారిలో ఇచ్చి వెళ్తానని మేస్త్రి భార్య ఒప్పుకుంది.

ఆమె చెప్పులు వేసుకుంటూ అడిగింది, "రెండున్నాయి. ఏది?"

"ఎడమ పక్కది," అన్నాడు మేస్త్రి, రేకుల దిమ్మను సంచిలో పెట్టుకుంటూ తల ఎత్తకుండానే.

ఆయన బల్లకు ఇటువైపు ఉన్నాడు. ఆమె అటువైపు ఉంది. ఆమె తన ఎడమ పక్కది తీసుకుంది. ఆయన మిగిలినది తీసుకున్నాడు. ఇద్దరూ తాళం వేసి చెరో దారినా బయల్దేరారు.

కంప్యూటర్ల షాపు మార్కెట్ వీధి చివర, ఒక బట్టల దుకాణానికీ తాళాలు బాగుచేసే దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. షాపాయనకు యాభై అయిదేళ్లుంటాయి. ఎప్పుడు మాట్లాడినా కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు. సిగ్గరి అని జనం అనుకుంటారు. మేస్త్రికి మాత్రం మొదటి చూపులోనే సంగతి తెలుసు: పైన మూడు, కింద రెండు లేవు. కానీ అడగనివాడికి చెప్పకూడదని వృత్తిధర్మం.

షాపాయన వేరే గిరాకీతో ఉన్నాడు. మేస్త్రి రేకుల దిమ్మను, డబ్బాను కౌంటరు మీద పెట్టి, కొంచెం చూసి పెట్టమన్నాడు. ఇంతలో ఫోను మోగింది. డాక్టరమ్మ. మాట సరిగా వినపడక మేస్త్రి అద్దాల తలుపు తోసుకుని మెట్ల మీదికి వచ్చాడు.

"మేస్త్రిగారూ, డబ్బా తెరిచాను. మేడమ్ ఎదురుగానే కూర్చున్నారు. ఇది ఏ పద్ధతండీ?" ఆమె గొంతు చాలా తగ్గించి మాట్లాడుతోంది.

డాక్టరమ్మ ప్రాక్టీసు పెట్టి ఏడాదే అయింది. మేస్త్రి పనితనం మీద ఆమెకు ఎంత గురి అంటే, ఆయన పంపినది అర్థం కాకపోతే లోపం తన చదువుదేనని అనుకుంటుంది. "కొత్త పద్ధతే డాక్టరమ్మా. చాలా శ్రద్ధగా చేశా," అన్నాడు మేస్త్రి.

"మరీ చదునుగా ఉందే."

"ఆవిడ దవడ తీరు అలాంటిది. ఒక మూల చిన్న గుర్తు పెట్టా. దాన్నిబట్టి పెట్టండి."

"ఆ, గుర్తుంది. బంగారు రంగులో." ఆమె గొంతులో కొంచెం ధైర్యం వచ్చింది. "గట్టిగా నొక్కాలా?"

"అబ్బే, బలం వాడొద్దు. సరిగ్గా ఆనిస్తే దానంతటదే కూర్చుంటుంది."

"కానీ సూదుల్లా ఉన్నాయండీ."

"కొరకాలి కదా మరి. పదును తగ్గించొద్దని ఆవిడే అడిగారు."

"మొత్తం ఎన్ని పెట్టారు?"

"పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. ఎప్పుడూ పెట్టేవే."

అవతల లెక్క మొదలై, మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత డాక్టరమ్మ నెమ్మదిగా అంది, "నాకు వెయ్యికి పైనే కనిపిస్తున్నాయి."

మేస్త్రి వెనక్కి తిరిగి అద్దంలోంచి షాపులోకి చూశాడు. షాపాయన గిరాకీని పంపేసి డబ్బా మూత తీశాడు. హెడ్‌మిస్ట్రెస్‌గారి పళ్లు అతని అరచేతిలో తళతళలాడుతున్నాయి. అతను వాటిని చూసి భయపడలేదు, నవ్వలేదు. ఆపి ఉన్న ఒక మానిటర్ నల్లటి తెర ముందు నిలబడి, పళ్లను మూతికి జానెడు దూరంలో పట్టుకుని, తన ముఖాన్ని అలా ఊహించుకుంటున్నాడు.

"డాక్టరమ్మా, అది నా ప్రాసెసర్. ముట్టుకోకండి. పళ్లు ఇక్కడ కంప్యూటర్ల షాపులో ఉన్నాయి. మేడమ్‌ని అక్కడే ఉండమనండి, తెస్తున్నా," అని మేస్త్రి ఫోను జేబులో వేసుకున్నాడు. ఒక్క అంగలో లోపలికి వెళ్లి, షాపాయన చేతిలోంచి పళ్లు తీసుకుని, డబ్బాలో పెట్టుకుని, చెప్పడానికి తీరిక లేదని చెప్పి స్కూటరెక్కాడు. దిమ్మ కౌంటరు మీదే ఉండిపోయింది. ఇంత జరిగినా ఆయన ధీమా చెక్కు చెదరలేదు. డబ్బాలు మారాయి, అంతే కదా. మారినవి మళ్లీ మార్చుకుంటే సరిపోతుంది. క్లినిక్ పది నిమిషాల దారి.

ఆయన లెక్క సరైనదే. అందులో హెడ్‌మిస్ట్రెస్‌గారిని కలుపుకోలేదు. కదలకుండా కూర్చోమని ముప్పై రెండేళ్లు ఇతరులకు చెప్పిన మనిషి తాను ఆ మాట వినే అలవాటు ఎప్పుడూ చేసుకోలేదు. పళ్లు కంప్యూటర్ల షాపులో ఉన్నాయని డాక్టరమ్మ నోరుజారి చెప్పగానే, ఆవిడ మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ప్రాసెసర్ డబ్బాను హామీగా చంకలో పెట్టుకుని, వెనక వీధి మీదుగా నడిచి బయల్దేరారు. మేస్త్రి ముందు వీధి మీదుగా వచ్చాడు. డాక్టరమ్మ చేసిన మూడు ఫోన్లు స్కూటరు చప్పుడులో కలిసిపోయాయి.

క్లినిక్ మెట్లెక్కుతుండగా నాలుగో ఫోను వినపడింది. అది వియ్యంకుడు. జరిగిందేమంటే, డాక్టరమ్మ కంగారులో మేస్త్రి భార్యకు ఫోన్ చేసి, మేస్త్రి ఫోను ఎత్తడం లేదని, ఆయన ప్రాసెసర్ హెడ్‌మిస్ట్రెస్‌గారు పట్టుకెళ్లారని చెప్పింది. ఆమె ఏం చేయాలో తెలియక కూతురికి చేసింది. కూతురు తన ప్రాసెసర్‌ను నాన్న పీకేశాడని విని, ఇంకేమీ వినకుండా ఇంట్లో అందరికీ చెప్పేసింది. వియ్యంకుడు వెంటనే మర్యాదకు పూనుకున్నాడు.

"బావగారూ, యంత్రం పోయిందట కదా. ఏం దిగులు పడకండి. రేపటి పందెం మానేద్దాం. ఆటదేముంది, మనసులు కలవడం ముఖ్యం," అన్నాడు.

"పోయిందని ఎవరు చెప్పారండీ? విప్పా. పది గంటలకి పందెం ఉంది, నేను వస్తున్నా," అన్నాడు మేస్త్రి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ప్రాసెసర్ ఒక చోట, దిమ్మ ఇంకో చోట, కంప్యూటరు డబ్బా ఇంట్లో ఉన్నాయి. చేతిలో ఉన్నవి మాత్రం ఇంకొకరి పళ్లు. అయినా ఆ గొంతు విన్నవాళ్లెవరూ గెలుపు తప్ప వేరేది ఊహించలేరు.

లోపల డాక్టరమ్మ ఖాళీ కుర్చీ చూపించింది. మేస్త్రి వెనుదిరిగి మళ్లీ స్కూటరెక్కాడు.

ఈలోగా షాపులో ఏం జరిగిందో ఆయనకు తర్వాత షాపాయనే చెప్పాడు. హెడ్‌మిస్ట్రెస్‌గారు లోపలికి వచ్చి, డబ్బా కౌంటరు మీద ఠపీమని పెట్టి, "నా ఫళ్లు," అన్నారు.

"ఫైళ్లాండీ?" అన్నాడు షాపాయన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఫళ్లు. నాలుగింటికల్లా కావాలి."

షాపాయన మూత తీసి చూశాడు. "ఫైళ్లు ఇందులో ఉండవమ్మా. ఇది ప్రాసెసర్. ఫైళ్లుండేది హార్డ్ డిస్క్‌లో. అది తెచ్చారా?"

"ఫాతవి విరిగిఫోయాయి. ఇవి కొత్తవి."

"పాతవి ఎన్నాళ్లు వాడారు?"

"ఫదేళ్లు."

"పదేళ్లు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలాగమ్మా? ఇంట్లో ఇంకో సెట్టు పెట్టుకోవాలి, ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది," అన్నాడు షాపాయన సానుభూతిగా. అతను దాచిన నోట్లోంచి వచ్చిన ఆ మాటలు సగం చేతికే తగిలి ఆగిపోయాయి. వినపడిన సగాన్నిబట్టి ఆవిడ తనను వెక్కిరిస్తున్నాడని తీర్మానించారు.

"చెయ్యి తియ్," అన్నారు.

ఆ గొంతు విని ఎవరైనా చెయ్యి తీస్తారు. షాపాయన కూడా తీశాడు. పైన మూడు, కింద రెండు ఖాళీలు బయటపడ్డాయి. ఆవిడ కాసేపు అలా చూసి, ఏమనుకున్నారో, తన మూతి మీది రుమాలు కూడా తీసేశారు. ఆ తర్వాత ఒకరికొకరు అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. షాపాయన ఆవిడకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మేస్త్రిగారు ఎటు పోయినా మళ్లీ ఇక్కడికి రాక తప్పదని ధైర్యం చెప్పాడు. ఊరికే కూర్చోవడమెందుకని, మేస్త్రిగారి ప్రాసెసర్‌ను తన పరీక్ష బల్ల మీదున్న బోర్డులో పెట్టి చూడడం మొదలుపెట్టాడు.

మేస్త్రి చెమటలు తుడుచుకుంటూ వచ్చేసరికి పదకొండున్నర దాటింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు చెయ్యి చాచారంతే. ఆలస్యంగా వచ్చిన పిల్లాడి పుస్తకం కోసం చాచినట్టు చాచారు. డాక్టరమ్మ దగ్గర పెట్టించుకుంటే మంచిదని మేస్త్రి అనబోయాడు కానీ ఆవిడ అప్పటికే డబ్బా తీసుకుని షాపు వెనక గదిలోకి వెళ్లిపోయారు. అక్కడ చేతులు కడుక్కునే చోట ఒక అద్దం ఉంది. రెండు నిమిషాలకు బయటికి వచ్చారు. బుగ్గలు నిండాయి. పదేళ్లు తగ్గినట్టున్నారు.

కొత్త సెట్టు పెట్టుకున్నవాళ్లతో మేస్త్రి ఎప్పుడూ ఏదో ఒక మాట పలికిస్తాడు. స, ర లాంటి అక్షరాలు జారిపోతే ఎక్కడో ఒక పన్ను సందు వదిలిందని అర్థం. "ఏదైనా ఒక మాట అనండి మేడమ్. స ఎక్కువున్న మాట," అన్నాడు.

ఆవిడకు వెంటనే తోచలేదు. షాపాయన అందించాడు. ఆవిడ గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం విడదీసి, స్కూలు చివరి బెంచీదాకా వినపడేటట్టు అన్నారు, "ప్రాసెసర్."

అక్షరం జారలేదు, ఈల పడలేదు. మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడి ఆ మాటను ఇంకోసారి అనిపించుకున్నాడు, అవసరముండి కాదు. తర్వాత ఆవిడ క్లినిక్‌కు వెళ్లి చిన్న చిన్న సవరణలు చేయించుకుని, నాలుగింటికి సభకు వెళ్లారు. ఇరవై నిమిషాలని రాసి ఉన్న ప్రసంగం గంటన్నర సాగిందని, దానికి బాధ్యుడు మేస్త్రేనని ఆ స్కూలు టీచర్లు ఇప్పటికీ అంటుంటారు.

ఆవిడ వెళ్లాక షాపాయన మేస్త్రిని పరీక్ష బల్ల దగ్గరకు పిలిచాడు. ఇప్పుడు అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరచిపోయాడు. "మీ ప్రాసెసర్‌ను ఇందాకటి నుంచి ఆపకుండా పరుగెత్తించానండీ. ఒక్కసారి కూడా తడబడలేదు. దీనికి ఏ జబ్బూ లేదు," అన్నాడు.

"మరి ఎందుకు ఆగుతోంది?" అన్నాడు మేస్త్రి. జబ్బు లేని దంతాన్ని పీకానన్న మాట ఆయన చెవిదాకా వచ్చింది కానీ ఆయన దాన్ని లోపలికి రానివ్వలేదు.

షాపాయన కౌంటరు మీది రేకుల దిమ్మను తెచ్చి దీపం కింద పెట్టాడు. సన్నని రేకుల మధ్య ఉండాల్సిన సందులు లేవు. వాటినిండా ఏదో మెత్తగా, దట్టంగా, కంబళి నేసినట్టు పేరుకుని ఉంది. "గాలి ఆడే దారే లేదు. కాసేపు ఆడగానే వేడెక్కి, మాడిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి అదే నెమ్మదిస్తోంది. ఇలాంటి దిమ్మలు బోలెడు చూశా కానీ దుమ్ము గులాబీ రంగులో ఉండడం ఎక్కడా చూడలేదు. ఏంటండీ ఇది?"

మేస్త్రి వేలితో కొంచెం తీసి చూశాడు. పళ్లను పట్టి ఉంచే గులాబీ ప్లాస్టిక్‌కు పాలిష్ పట్టేటప్పుడు మోటారు నుంచి ఎగిరే పొడి. ముప్పై ఏళ్లుగా ఆయన చొక్కాల మీద, కనుబొమల మీద, తలుపు గొళ్లెం మీద అదే రంగు. చూసి చూసి ఆయన కంటికి అది కనిపించడమే మానేసింది.

"చిగుళ్లు," అన్నాడు.

షాపాయన నవ్వడం మొదలుపెట్టాడు. చెయ్యి అడ్డం లేకుండా, ఖాళీలన్నీ కనబడేటట్టు, కౌంటరు పట్టుకుని నవ్వాడు. మేస్త్రి కాసేపు బింకంగా నిలబడి, ఇక ఆపుకోలేక తానూ కలిశాడు. పక్కన తాళాలాయన ఏమైందోనని తొంగిచూసి వెళ్లాడు.

నవ్వు ఆగాక షాపాయన ఒక రేకు డబ్బా తెచ్చి మూత తీశాడు. అందులో పదకొండు ప్రాసెసర్లున్నాయి, అన్నిటికీ సూదులు వంగి ఉన్నాయి. మేస్త్రిగారిదాన్ని భూతద్దం పెట్టి వెతికినా ఏ సూది వంగిందో తెలియలేదని, ఈ చేతి పనితనం తనకుంటే ఈ డబ్బా ఇలా పడి ఉండేది కాదని అన్నాడు. "ఇవి సరిచేసి పెట్టండి. ఇందులో మీ బోర్డు ఒప్పుకునే పెద్దది ఒకటుంది. అది మీరే తీసుకోండి. డబ్బులివ్వక్కర్లేదు," అన్నాడు.

మేస్త్రి ఆ డబ్బా వైపు చూశాడు. పొద్దున కోరుకున్నది ఇదే, అదీ ఖర్చు లేకుండా. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసి తీసుకునేవారు. ఆయనకు మాత్రం వియ్యంకుడి గొంతు వినిపించింది. కొత్తది పెట్టుకుని గెలిస్తే, యంత్రం మంచిది బావగారూ అంటాడు. ఇంకో అయిదు ఆదివారాలు ఆ మర్యాద భరించాలి.

"వద్దండీ. దంతం గట్టిగా ఉంటే కదిలించకూడదు. ఈ పాతదానితోనే గెలుస్తా," అన్నాడు. సూదులు మాత్రం ఊరికే సరిచేసి పెడతానన్నాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, వృత్తిధర్మాన్ని కొంచెం పక్కన పెట్టి, "సోమవారం ఇంటికి రండి, కొలత తీసుకుంటా. పైన మూడు, కింద రెండు," అన్నాడు. షాపాయన అడగలేకపోయిన మాటే అది. అతను తలూపి, చాలాసేపు దిమ్మను బ్రష్షుతో శుభ్రం చేస్తూ ఉండిపోయాడు. కొత్త పేస్టు గొట్టం ఒకటి చేతిలో పెట్టి, డబ్బు తీసుకోనన్నాడు.

సాయంత్రం భార్య వచ్చేసరికి ప్రాసెసర్ తిరిగి తన గూట్లో కూర్చుంది, ఫ్యాను తిరుగుతోంది. జరిగినదంతా ఆమె అప్పటికే డాక్టరమ్మ ద్వారా, కూతురి ద్వారా, ఇద్దరు టీచర్ల ద్వారా విని ఉంది. ఏ డబ్బా ఎవరి ఎడమ అన్న చర్చ జోలికి ఇద్దరూ పోలేదు. కంప్యూటరు ఇక ల్యాబులో ఉండకూడదని మాత్రం ఆమె తీర్పు చెప్పింది. ఇద్దరూ కలిసి బల్లను హాల్లోకి మోశారు.

హాలు కావడం వల్ల ఆదివారం పందేనికి జనం కూడా ఎక్కువయ్యారు. ఫలితం చూడాలని షాపాయన వచ్చాడు. సెట్టు ఎలా ఉందో చెప్పడానికి వచ్చిన హెడ్‌మిస్ట్రెస్‌గారు, సంగతి తెలుసుకుని, వెనక కుర్చీలో కూర్చున్నారు. భార్య ముందు కుర్చీలో కూర్చుంది. సరిగ్గా పదింటికి ఫోనులో వియ్యంకుడి గొంతు, యంత్రం కోలుకున్నందుకు అభినందనలు తెలిపింది. మేస్త్రి ధన్యవాదాలు చెప్పి స్టీరింగ్ పట్టుకున్నాడు.

సగం ఆట గడిచింది. వంతెన వచ్చింది. మలుపులో ఇరవై కార్లూ గుమిగూడాయి. షాపాయన ఊపిరి బిగబట్టాడు. బొమ్మ ఆగలేదు. నూనెలో జారినట్టు సాగిపోయింది. మలుపు అటు తిరిగింది, మేస్త్రి ఇటు తిరిగాడు. గోడ తప్పించుకున్నాడు కానీ ఆరు కార్లు ముందుకు పోయాయి. తర్వాతి మలుపులో మరో రెండు. అయిదు వారాలుగా ఆ మలుపుల్ని ఆయన చూడనే లేదు, అవి చాలా ఉన్నాయి. సర్వేయరు మాత్రం ప్రతి మలుపునూ గొలుసు పెట్టి కొలిచినట్టు తిరిగాడు. ఆట ముగిసేసరికి వియ్యంకుడు మొదటి స్థానంలో ఉన్నాడు, మేస్త్రి పదకొండో స్థానంలో ఉన్నాడు.

ఫోనులోంచి, "బావగారూ," అని వినపడి, ఆగిపోయింది. ఎప్పుడూ అనే మాట ఇక చెల్లదని వియ్యంకుడికి తెలుసు. అతను చాలాసేపు వెతుక్కుని, చివరికి, "మలుపుల్లో మీరు చాలా మర్యాదగా నడిపారండీ," అన్నాడు.

"వెనక వస్తున్నవాళ్లకి దారివ్వాలి కదా మరి," అన్నాడు మేస్త్రి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, గెలిచినవాడికి ఏమాత్రం తీసిపోని గొంతుతో.

భార్య లేచి వెళ్లి కంప్యూటరు ఆపింది. ఆ రోజు అది ఆగడం అదే మొదటిసారి.